రొయ్యల గుంటల లీజు తర్వాత చూద్దాం, ముందు మెడిక్లెయిం సంగతి చూడండి

ప్రశ్న: నాకు 57 ఏళ్ళు. చెన్నైలో ఒక ప్రైవేటు కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్‌ని. వచ్చే మార్చిలో రిటైరై నెల్లూరు వేదాయపాళెంలోని సొంతింటికి వచ్చేస్తున్నాం. పీఎఫ్ 58 లక్షలు, గ్రాట్యుటీ 11 లక్షలు, ఎఫ్‌డీలు 7 లక్షలు, మొత్తం 76 లక్షలు చేతికొస్తాయి. ఈపీఎస్ పింఛను ఐదు వేల లోపే. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి, అప్పుల్లేవు. 82 ఏళ్ళ అమ్మ మాతోనే ఉంటుంది. నా భార్యకు ఆరేళ్ళుగా షుగరు. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు. కంపెనీ మెడిక్లెయిం ఐదు లక్షలకు ఉంది. ముప్ఫై ఏళ్ళు ఒకరి కింద పనిచేశాను, ఇకనైనా ఊరి గాలి పీలుస్తూ నాకు నచ్చిన పని చేసుకోవాలని ఉంది. విడవలూరు వైపు మా బావమరిది పదెకరాల రొయ్యల గుంటలు లీజుకు తీసుకుంటున్నాడు. లీజు అతని పేరునే. అందులో నేను 40 లక్షలు పెట్టి, ఇల్లు తాకట్టు పెట్టి ఇంకో 25 లక్షలు తెద్దామనుకుంటున్నాను (11 శాతం వడ్డీ, పదేళ్ళు). మిగిలిన 36 లక్షలు ఎక్కడ పెడితే మంచిది?

జవాబు: మీరడిగింది 36 లక్షల గురించి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది మాత్రం మెడిక్లెయిం గురించి రాసిన ఆ ఒక్క ముక్క. "ఉంది" అన్నారు. మార్చి దాకా ఉంది. గ్రూపు పాలసీ ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. మీ ఆఖరి పనిదినం సాయంత్రం ఐడీ కార్డు తిరిగిచ్చేటప్పుడు మీతోపాటు మీ భార్యకు, అమ్మగారికి ఉన్న కవరు కూడా అక్కడే వదిలేసి వస్తున్నారన్నమాట. రిటైరయ్యేవాళ్ళు ఫేర్‌వెల్ ఫొటోల దాకా అన్నీ గుర్తుపెట్టుకుంటారు, దీన్ని మాత్రం మరిచిపోతారు. మీ ప్రశ్న తీసుకున్నది అందుకే.

ఏప్రిల్లో తీరిగ్గా కొత్త పాలసీ తీసుకోవచ్చులే అనుకుంటున్నారేమో. ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా సంస్థ మూడేళ్ళ దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బులకు క్లెయిం ఇవ్వని కాలం, పెట్టొచ్చు. 2024 ఏప్రిల్ ముందు అది నాలుగేళ్ళుండేది, ఇప్పుడు మూడయింది, అంతే. షుగరు ఆరేళ్ళనుంచి ఉన్న మనిషికి రేపు గుండెకో కిడ్నీకో ఇబ్బంది వస్తే, దానికి మూలం షుగరేనని బీమా సంస్థ ఫైలు పక్కన పెడుతుంది. మోకాళ్ళు, కంటి శుక్లాలు, హెర్నియా లాంటివాటికి వేరే వెయిటింగ్ ఉంటుంది. అంటే రిటైరైన తొలి రెండు మూడేళ్ళు, మీరు ఊరి గాలి పీల్చాలనుకున్న ఆ రోజులే, మీ ఇంటికి ఇలాంటి జబ్బులకు కవరు లేని రోజులవుతాయి.

దీనికి దారి ఇప్పుడే ఉంది, మార్చి దాటితే కష్టం. ఈ వారమే మీ హెచ్‌ఆర్‌ని కలిసి, మీ గ్రూపు పాలసీ ఏ సంస్థదో, అదే సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడానికి ఏం చేయాలో రాతపూర్వకంగా అడగండి. అలా మారితే ఇన్నేళ్ళూ గ్రూపులో గడిచిన కాలాన్ని పాత కవరు మేరకు వెయిటింగ్‌లో కలుపుకుంటారు. దరఖాస్తు ఆఖరి నిమిషం దాకా ఆపకుండా ముందుగానే పెట్టాలని గుర్తుంచుకోండి. అడిగిన మొదటి రోజే హెచ్‌ఆర్‌కి ఈ సంగతి తెలిసుండకపోవచ్చు, వదలకుండా అడగండి. దాంతోపాటు మీ ఇద్దరికీ కలిపి పది లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఒకే మొత్తాన్ని ఇంట్లోవాళ్ళంతా వాడుకునే పాలసీ) ఒకటి ఇప్పుడే, కంపెనీ కవరు నడుస్తుండగానే తీసుకోండి. వెయిటింగ్ గడియారం ఈ రోజునుంచే తిరగడం మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు కాబట్టి ప్రీమియం భారమన్న సాకు కొంత తగ్గింది.

ప్రపోజల్ ఫారంలో షుగరు సంగతి రాయండి. ఏజెంటు "అది రాయొద్దు సార్, ప్రీమియం పెరుగుతుంది" అంటే ఆ ఏజెంటునే మార్చండి. ఐదేళ్ళు ప్రీమియం ఆగకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిం తోసిపుచ్చకూడదన్న నిబంధన ఉంది. కానీ ఆ ఐదేళ్ళలోపు ఆసుపత్రి పాలైతే? పాత ప్రిస్క్రిప్షన్లన్నీ బయటికొస్తాయి.

అమ్మగారి వయసుకు బయట పాలసీ దొరికినా ప్రీమియం ఎక్కువ. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి ఐదు లక్షల చికిత్సకు 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. ఆధార్‌తో చేయించండి. నెల్లూరులో మీరు వెళ్ళే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇక అత్యవసర నిధి. మీ లెక్కలో దాని పేరే లేదు. నెల్లూరు వాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు, కేసు కాస్త గట్టిదైతే ఇక్కడి డాక్టరుగారే "చెన్నై తీసుకెళ్ళండి" అంటారు. అంబులెన్సు, అడ్వాన్సు, అక్కడ తోడొచ్చినవాళ్ళు ఉండటానికి గది, వారం రోజుల తిండి. క్యాష్‌లెస్ అనుమతి వచ్చేలోపు ఇవన్నీ చేతిలోంచే పోతాయి. అందుకే పది లక్షలు పక్కన పెట్టండి. మూడు లక్షలు సేవింగ్స్ ఖాతాలో, మిగిలింది ఎప్పుడంటే అప్పుడు విరగ్గొట్టే చిన్న చిన్న ఎఫ్‌డీల్లో. అన్నీ మీ భార్యతో జాయింటుగా, ఎవరైనా ఒకరి సంతకంతో తీసేలా. ఈ పదిలోంచి బావమరిది మేత బాకీకి "పది రోజుల్లో ఇచ్చేస్తా బావా" అని అడిగినా ఒక్క రూపాయి కదలకూడదు.

ఇప్పుడు ఆ లోను దగ్గరికి వద్దాం. కాస్త కటువుగానే చెప్తాను. 25 లక్షలకు 11 శాతంతో పదేళ్ళంటే నెల వాయిదా 34 వేల పైమాటే. మీరు దాచే 36 లక్షలు ఎంత జాగ్రత్తగా పెట్టినా నెలకు 24 వేలు, పింఛను ఐదు వేలు, మొత్తం 29 వేలు. అంటే ఇంట్లోకి బియ్యం బస్తా కొనకముందే నెలకు ఐదు వేలు లోటు. దాని మీద ఇంటి ఖర్చు 45 వేలు. నెలకు 50 వేల లోటుతో రిటైర్మెంటు మొదలుపెడతానంటున్నారు. బ్యాంకువాళ్ళకు వాయిదా ప్రతి నెలా ఐదో తేదీకి కావాలి. రొయ్యకు తేదీలుండవు, పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అదీ వస్తే.

గుంటల సంగతి మీకు గట్టు మీదినుంచి తెలుసు. రాత్రి రెండింటికి కరెంటు పోయి, జనరేటరు స్టార్ట్ కాక, నీళ్ళలోకి గాలి పంపే ఏరేటర్లు ఆగిపోయినప్పుడు ఆ గట్టు ఎలా ఉంటుందో బావమరిదిని అడగండి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అది. వెలుగొచ్చేసరికి రొయ్యలు గట్టు వారకు వచ్చి తేలుతుంటాయి. తెల్లమచ్చ వైరస్ వస్తే రోజుల్లో గుంట ఖాళీ. ఇవి తప్పినా ధర మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఇక్కడ కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు ఏమయ్యాయో జిల్లాలో రైతులందరికీ తెలుసు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, గుంటల గట్లెంత! రొయ్యల సాగు చెడ్డదని నేననను, జిల్లాలో ఎన్నో కుటుంబాలు దాని మీద నిలబడ్డాయి. రెండు పంటలు పోయినా మూడోది వేసే శక్తీ వయసూ ఉన్నవాళ్ళ పని అది. ఇల్లు తాకట్టు పెట్టిన 58 ఏళ్ళ మనిషిది కాదు.

పైగా లీజు అతని పేర, అప్పు మీ పేర, తాకట్టు మీ ఇల్లు. లాభం వస్తే పంచుకుంటారు, నష్టం వస్తే నోటీసు మీ ఒక్కరి ఇంటికే వస్తుంది. ఏ కాగితమూ లేకుండా 65 లక్షలు ఎలా ఇస్తారండీ? ఆయన ఎంత మంచివాడైనా ఆయనకు మేత ఇచ్చే డీలరు, గుంటలు లీజుకిచ్చిన యజమాని మీకు ఏమీ కారు. ఇంకో మాట. ఇంత ఉత్తరంలో మీ భార్యగారు ఏమనుకుంటున్నారో ఎక్కడా లేదు. తమ్ముడి వ్యాపారం, తనుండే ఇల్లు, రెండూ ఆమెవే. ఆమెను కూర్చోబెట్టి ఈ లెక్క చూపించండి.

మీ 76 లక్షలకు నా సర్దుబాటు ఇదీ. పది అత్యవసర నిధి. 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో. 60 నిండకపోయినా 55 దాటి రిటైరైనవాళ్ళు ఆ డబ్బు అందిన మూడు నెలల్లోపు చేరొచ్చు, ఆ గడువు దాటనివ్వకండి. ప్రస్తుత 8.2 శాతంతో నెలకు సగటున 20,500 పడుతుంది. 15 లక్షలు పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ పథకంలో జాయింటుగా, 7.4 శాతంతో 9,250. పింఛనుతో కలిపి 35 వేలకు దగ్గర. మిగతా పది వేలు, ముందుముందు ధరల పెరుగుదల, ఈ రెంటికీ మిగిలిన 21 లక్షల్లో 16 లక్షలను హైబ్రిడ్ ఫండ్లో (షేర్లు, బాండ్లు కలిసిన మ్యూచువల్ ఫండు) పెట్టి కొద్దికొద్దిగా తీసుకుంటూ సర్దుకోండి. బంగారం, ప్లాటు లాంటివాటి జోలికి వెళ్ళొద్దు.

ఆ చివరి ఐదు లక్షలు మీ సరదాకు. పోయినా ఇల్లు గడుస్తుంది కాబట్టి బావమరిదితో ఒక్క గుంటలో వాటా తీసుకోండి, స్టాంపు పేపరు మీద రాసుకుని. పొద్దున్నే గట్టు మీద నడక దొరుకుతుంది, మేత లెక్కలు, కరెంటు బిల్లులు మీరు చూసిపెడితే అతనికీ నిజమైన సాయం. ముప్ఫై ఏళ్ళ ప్రొడక్షన్ అనుభవమున్నవాళ్ళను పాఠాలు చెప్పమని పిలిచే పాలిటెక్నిక్, ఐటీఐలు మీ చుట్టుపక్కల ఉంటాయి, వారానికి రెండు రోజులు వెళ్ళినా కాలక్షేపమూ అవుతుంది, పెట్రోలు ఖర్చూ వస్తుంది.

మార్ట్‌గేజ్ లోనుకు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే, ప్రాసెసింగ్ ఫీజు పోయినా సరే, ఇంటి ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకుకు ఇవ్వకముందే వెనక్కి తీసుకోండి. హెచ్‌ఆర్‌కి మెయిల్ ఈ రోజే పెట్టండి.