మీ ప్రశ్న, మా జవాబు: శ్లాబుకి చెమ్మ

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో మాది అపార్ట్‌మెంట్, రెండో ఫ్లోర్. బెడ్‌రూమ్ శ్లాబుకి పసుపు మరక వచ్చింది. దీపావళికి రంగు వేయిస్తే ఫిబ్రవరికల్లా మళ్లీ పైకి తేలింది, పుట్టీ కూడా ఉబ్బింది. పైన వాళ్ల బాత్రూమ్ ఉంది, అడిగితే వాననీళ్లండీ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఫిబ్రవరిలో బెజవాడలో వానెక్కడిదమ్మా! పైగా మీ మీద ఉన్నది డాబా కాదు, వాళ్ల బాత్రూమే. మళ్లీ రంగు మాత్రం వేయించకండి, కింద నుంచి ఏం పూసినా పైన కారేది ఆగదు, నీళ్లు శ్లాబులోనే ఉండిపోయి చువ్వలు తుప్పు పడతాయి, ఆ తుప్పు ఉబ్బి పెచ్చులు మంచం మీద పడతాయి.

ముందు మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వెయ్యండి. రాత్రీ పగలూ ఒకేలా చెమ్మ ఉంటే పైవాళ్ల కుళాయి లైను, వాళ్ల స్నానాలయ్యాకే పెరుగుతుంటే నహానీ ట్రాప్ (నేల మీద నీళ్లు పోయే జాలీ కింది గొట్టం) గానీ టైల్స్ సందులు గానీ అనుకోవచ్చు. ఒక రాత్రంతా ఆ బాత్రూమ్ వాల్వ్ కట్టేయమనండి, చెమ్మ తగ్గితే లైనే, అయినా సంగతి తేలకపోతే ప్లంబర్‌తో లైనుకి ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి కారుతుందేమో చూడడం) చేయించండి. లైను బానే ఉందంటే ట్రాప్‌కి పాలిథిన్ చుట్టిన గుడ్డ కుక్కి, గడప దాటకుండా నీళ్లు నింపి ఒక రోజు వదిలెయ్యాలి, కింద మీ గీత దాటి చెమ్మ పాకిందా, ఇక వాదన అక్కర్లేదు, పైవాళ్లని పిలిచి చూపించండి.

టైల్స్ సందులైతే పాత వైట్ సిమెంట్ గీకి ఎపాక్సీ గ్రౌట్ (నీళ్లు దిగనివ్వని సందు పూత) పెడితే చాలాసార్లు ఆగుద్ది. ట్రాప్ జాయింటైతే పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సిందే, దుమ్ము ఖర్చు రెండూ తప్పవు.

ఉబ్బిన చోట కర్రతో కొట్టి చూడండి, డొల్లగా మోగితే దాన్ని రాల్చేయించి, చువ్వ బయటపడితే వైర్ బ్రష్‌తో తుప్పు గీకించి, తుప్పు పట్టనివ్వని కోటింగ్ వేశాకే ప్యాచ్ పెట్టించండి. ఫ్యాన్ దగ్గరకి చెమ్మ వస్తే మాత్రం ఆ లైను ఎంసీబీ (కరెంటు బోర్డులోని ట్రిప్ స్విచ్) వెంటనే ఆపెయ్యండి.

కొత్త ఫ్లాటైతే ఇంకో మాట. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం, పొజిషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు కట్టుబడి లోపం బయటపడితే, మీరు చెప్పినప్పటి నుంచి 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచెయ్యాలి. నోటిమాట కాదు, ఫోటోలతో రాసివ్వండి.