ముందు బుష్‌ల గురించి రాయి

తమ్ముడూ,

నీ కారుకు షార్ట్ షిఫ్టర్, అంటే గేర్ రాడ్ కదిలే దూరాన్ని తగ్గించే సామాను, వేయించడం గురించి నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదివాను, పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది. కానీ రెండో పేజీలో ఒకచోట నాకు నిజంగా కోపం వచ్చింది, ఆ కోపం చల్లారకముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. "షార్ట్ షిఫ్టర్ వేయించాక గేర్లు వెన్నలా పడుతున్నాయి" అన్నావు. ఎవరి చేతికి? నీ చేతికా, నువ్వు చూసిన వీడియోలో ఆయన చేతికా? షార్ట్ షిఫ్టర్ వేస్తే గేరు తేలిగ్గా పడదు, దగ్గర్లో పడుతుంది. ఆ తేడా తెలియకుండా నువ్వు రాస్తే, నిన్ను నమ్మినవాడు జీతం డబ్బు తీసి సామాను కొంటాడు, వేయించుకుంటాడు, గేరు బిగుసుకుపోయిందేమని పాపం మెకానిక్ మీద పడతాడు.

గేర్ రాడ్ అంటే బళ్ళో చదువుకున్న తులాదండమే. పైన చేత్తో పట్టుకునే నాబ్, మధ్యలో రాడ్ ఆనుకుని తిరిగే పివట్, కింద గేర్ బాక్స్‌కు వెళ్ళే కేబుల్ తగిలించే చోటు. నాబ్ నుంచి పివట్ దాకా 240 మిల్లీమీటర్లు, పివట్ నుంచి కిందికి 40 ఉన్నాయనుకో. ఆరుకు ఒకటి. కింది భాగాన్ని 50కి పెంచితే 4.8కి ఒకటి అవుతుంది. చెయ్యి కదలాల్సిన దూరం 20 శాతం తగ్గింది, సంతోషం. అదే లెక్కలో చెయ్యి పెట్టాల్సిన బలం 25 శాతం పెరిగింది. దీన్ని ఏ కంపెనీ తప్పించలేదు, ఎంత డబ్బు పోసినా తప్పదు. దూరం తగ్గిందన్న మొదటి సగానికి నీ వ్యాసంలో అంకె లేదు, బలం పెరిగిందన్న రెండో సగమైతే అసలు లేదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఉంటే పాఠకుడు తన భుజానికి ఏది సరిపోతుందో తనే తేల్చుకునేవాడు.

ఇంకో సంగతి. చౌకగా దొరికే కొన్నింటిలో కింది భాగం ముట్టుకోరు, పై రాడ్‌ను కోసి పొట్టి చేస్తారు. అప్పుడూ దూరం తగ్గుతుంది, బలం పెరుగుతుంది, పైగా నాబ్ కిందికి జారి చెయ్యి వెతుక్కోవాల్సి వస్తుంది. కేబుళ్ళ కార్లలో అయితే కేబుళ్ళు రెండు: ఒకటి రాడ్‌ను ముందుకీ వెనక్కీ లాగినప్పుడు పనిచేసేది, రెండోది కుడికీ ఎడమకీ. చాలా కిట్లు మొదటి కదలిక దూరాన్నే తగ్గిస్తాయి, రెండోది ఎప్పటిలాగే ఉంటుంది. నీ కిట్ ఏ రకమో వ్యాసమంతా వెతికినా కనిపించలేదు. పాత మారుతి 800 లాంటి వాటిలో కేబుల్ కూడా ఉండదు, కింద ఇనుప రాడ్డే పోతుంది, అక్కడ ఇంజన్ మౌంటింగ్ రబ్బరు దిగిపోయినా గేర్ రాడ్ ఊగుతుంది. ఏ బండి గురించి మాట్లాడుతున్నామో మొదటి పేరాలోనే చెప్పకపోతే మిగతా సలహా ఎవరికి?

ఇప్పుడు నన్ను కదిలించిన వాక్యం. నాలుగో పేజీ అడుగున, దాదాపు కంటికి ఆనని చోట, "పాత బుష్‌ను వేళ్ళ మధ్య నలిపితే నల్లటి పొడి రాలింది" అని, రాడ్‌నూ కేబుల్‌నూ బిగించే చోట ఉండే ఆ చిన్న రబ్బరు ఉంగరం గురించి రాశావు. వ్యాసం అక్కడ మొదలవ్వాలి తమ్ముడూ. అది నువ్వు చూసింది, నీ వేళ్ళకు అంటింది. ముందు బుష్, ఆ తర్వాతే షిఫ్టర్: ఇదే నా మాట, ముప్పై ఏళ్ళు దాటింది ఈ మాట చెప్పబట్టి. గేర్ రాడ్ గరిటెలా తిరుగుతోందని వచ్చే బళ్ళలో చాలావాటికి కావాల్సింది షార్ట్ షిఫ్టర్ కాదు, అరచేతిలో పట్టే నాలుగు బుష్‌లూ, కేబుల్ ఎండ్‌లో ఒకటో రెండో. కంపెనీ వేసేది మెత్తటి రబ్బరు, అదురు పైకి రాకుండా ఆపడానికి. ఇంజన్ వేడికీ మన రోహిణి కార్తె ఎండలకీ అది గట్టిపడుతుంది, పగులుతుంది, రంధ్రం పెద్దదవుతుంది. దాని మీద షార్ట్ షిఫ్టర్ పెట్టావనుకో, ఆ వదులు అలాగే ఉండి, నీ చేతికి ఉన్న దూరం మాత్రం తగ్గుతుంది. అంటే గేరు తప్పే అవకాశం పెరిగినట్టే.

ఎలా కనిపెట్టాలో కూడా రాయి. ఇంజన్ ఆపి, బండి గేర్లో పెట్టి, ఒకరు లోపల కూర్చుని రాడ్‌ను మెల్లగా ఆడించాలి, ఇంకొకరు బానెట్ ఎత్తి గేర్ బాక్స్ మీద కేబుల్ ఎండ్ దగ్గర చూడాలి. కేబుల్ కదిలి, దానికి తగిలించిన ఆర్మ్ కదలకపోతే వదులు ఆ బుష్‌లోనే ఉంది. కేబుల్ కూడా కదలకపోతే లోపల, రాడ్ కింద వెతుక్కోవాలి. రూపాయి ఖర్చు లేని పని. గేరు అసలు కష్టంగా పడుతుంటే ఇవేవీ కాదు, క్లచ్ పూర్తిగా వదలడం లేదా, గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారు అని అడగాలి.

బుష్ ఏ సరుకుదో నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ కాస్త ఆగాల్సింది. పాలీయురేథేన్ అయితే రబ్బరు కంటే గట్టి, అదురు కొంచెమే పెరుగుతుంది, కానీ సిలికాన్ గ్రీజు రాయకపోతే కిర్రుమంటుంది. డెల్రిన్ అంటే డ్యూపాంట్ వాళ్ళు తెచ్చిన అసిటాల్ ప్లాస్టిక్, ఇంకా గట్టి, దానంతట అదే జారుతుంది. ఇత్తడి, అల్యూమినియం అయితే వదులు ఉండదు, గేర్ బాక్స్ మూలుగంతా నేరుగా అరచేతిలోకి వస్తుంది. మన ఆటోనగర్‌లో లేత్ దగ్గరికి వెళ్ళి నైలాన్ కడ్డీతో బుష్ తిప్పించుకోవడం పాత అలవాటు, తక్కువలో అయిపోతుంది, నేను దాన్ని తప్పు పట్టను. కానీ నైలాన్ తేమ పీలుస్తుంది, ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిగ్గా పట్టేలా తిప్పించింది తుపాను వానల్లో బిగుసుకుంటుంది. అసిటాల్ ఆ పని చాలా తక్కువగా చేస్తుంది. రోజూ అమ్మనో పిల్లలనో ఎక్కించుకు తిరిగే కారుకు నేను పాలీయురేథేన్ దాటి వెళ్ళమని చెప్పను. నీ కారులో వెనక సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, శబ్దం ఎలా ఉందని అడిగావా? అడిగి ఆ జవాబు వాళ్ళ మాటల్లోనే రాయి.

నాకు ఈ బుష్‌ల పిచ్చి ఎందుకో చెబుతాను. నేను తిరుపతిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ బతికిన రోజుల్లో, రాత్రి పని అయ్యాక టాక్సీ స్టాండులో డ్రైవర్ల దగ్గర కూర్చునేవాణ్ణి. పాత అంబాసిడర్లలో గేరు స్టీరింగ్ పక్కన ఉండేది. దాన్ని గేర్ బాక్స్‌కు కలిపే లింకేజీ బుష్‌లు అరిగితే రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోయేది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, స్టీరింగ్ కిందుగా చెయ్యి దూర్చి ఆ లింకును టక్కున లాగేవాడు, మళ్ళీ ఎక్కి పోయేవాడు. ఆ చెయ్యి ఎక్కడ దూరుతుందో, ఏ లింకు ఎటు కదులుతుందో నేను చూసి చూసి రాశాను, అది నా మొదటి మోటారు వ్యాసం. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేశాడు. "జనానికి బుష్‌లెందుకండీ, టాక్సీవాడి కష్టాలు రాయండి" అన్నాడు. టాక్సీవాడి కష్టం ఆ బుష్షే కదా! అచ్చయిన దాంట్లో డ్రైవరు నుదుటి చెమట ఉంది, అతని చేతిలో ఉన్న పని లేదు. ఇన్నేళ్ళయినా నాకు ఆ మంట పోలేదు. ఇప్పుడు పత్రికల స్థానంలో వీడియోలు వచ్చాయి, డబ్బా విప్పి, రాడ్ నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించి "వేరే లెవెల్" అంటారు, ఆరు నెలలయ్యాక ఆ కారు ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. నీ భాషలోకి ఆ గాలి సోకింది. "మెరుపు వేగం", "రేసింగ్ ఫీల్", "వెన్న" అన్నీ కొట్టెయ్.

ఘాట్ పేరా కూడా మార్చాలి. దిగేటప్పుడు మూడు నుంచి రెండుకు రెప్పపాటులో వేశానన్నావు. తిరుమల నుంచి దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, కిందికి రావడానికి 40 నిమిషాలు పట్టాలని ఏళ్ళుగా ఉన్న నిబంధన. అక్కడ రెప్పపాటుతో ఎవరికి పని? గేర్ బాక్స్‌లో ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి, వేగాలు కలవడానికి వాటికి ఒక క్షణం కావాలి. రాడ్ పొట్టిదైనంత మాత్రాన ఆ క్షణం తగ్గదు, తొందరపెట్టి తోస్తే ఆ రింగులే అరుగుతాయి. మలుపు ముందు కావాల్సింది రెండో గేరు ఖాయంగా పడటం, ఇంజనే బండిని పట్టి ఉంచడం, బ్రేకులు వేడెక్కకపోవడం. మొగిలి ఘాట్‌లో లారీ వెనక దిగినా ఇదే. ఆ ఖాయమైన పట్టు ఇచ్చేది మంచి బుష్. నీకు తెలియకుండానే నీ ఘాట్ పేరా నా వాదననే బలపరుస్తోంది.

బిగించే భాగం చాలావరకు సరిగ్గానే ఉంది, చదునైన చోట, హ్యాండ్ బ్రేకు, చక్రం కింద రాయి, న్యూట్రల్, అన్నీ చెప్పావు. రెండు మాత్రం కలుపు. బుష్ మధ్యలో ఉండే స్టీల్ స్లీవ్ పాత దాంట్లోంచి తీసి దాచుకోవాలి, కొత్త కిట్‌లో లేకపోతే అదే వేయాలి, ఎందుకంటే బోల్టు బిగింపు పడాల్సింది దాని మీద, స్లీవ్ లేకపోతే బుష్ నలిగిపోతుంది. ఇక కేబుల్ విప్పేముందు అది ఉన్న చోట మార్కు పెట్టుకోవాలి. అంతా అయ్యాక ఇంజన్ ఆపే ఉంచి రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూసి, అప్పుడే స్టార్ట్ చేయాలి. ఏదైనా గేరు పూర్తిగా లోపలికి వెళ్ళకుండా కేబుల్ అడ్డుపడితే, రోడ్డు మీద అది దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. ఇది తప్పక రాయి.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ కారులో పివట్‌కు పైన ఎంత, కింద ఎంత, పాతదీ కొత్తదీ రెండూ స్కేలు పెట్టి కొలిచి పంపు. కేబుల్ ఎండ్ లాక్ క్లిప్ స్క్రూడ్రైవర్‌తో లేపి తీశానన్నావు, మళ్ళీ అదే క్లిప్ పెట్టావా, కొత్తది వేశావా? వంగినదే పెట్టి ఉంటే వ్యాసం పక్కన పెట్టి, రేపే వెళ్ళి మార్పించు.