పాత ఇన్‌లైన్ తుపాకీలో ఏ మందు వేయాలో కొట్టువారు కాదు, గొట్టమే చెప్పాలి

మీరు అడిగినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. తిరుపతి నుంచి వెళ్ళి ఒహాయోలో ఉద్యోగం చేస్తున్న మీరు, తోటి ఉద్యోగి దగ్గర 1990ల నాటి .50 క్యాలిబర్ ఇన్‌లైన్ మజిల్‌లోడర్ (మందునూ గుండునూ మూతి నుంచే దట్టించే తుపాకీ) కొన్నారు. దానికి 11వ నంబరు క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ) పెట్టే నిపుల్, అంటే రంధ్రమున్న చిన్న మొన, ఉంది; గొట్టం మీద ‘బ్లాక్ పౌడర్ ఆర్ పైరోడెక్స్ ఓన్లీ’ అని చెక్కి ఉంది. బ్లాక్ పౌడర్ పాతకాలపు తుపాకీ మందు; పైరోడెక్స్, బ్లాక్‌హార్న్, ట్రిపుల్ సెవెన్ దానికి బదులుగా వాడే మందుల పేర్లు. కొట్టులో ఒకరు బ్లాక్‌హార్న్ 209 తీసుకోమన్నారు, ఇంకొకరు ట్రిపుల్ సెవెన్ బిళ్ళలు మూడు వేసుకోమన్నారు. ఏది వాడాలన్నది మొదటి ప్రశ్న. సంక్రాంతికి ఊరికి వచ్చేటప్పుడు రెండు డబ్బాలు తెచ్చి, పలమనేరు దగ్గర మీ తాతగారి లైసెన్సు తుపాకీలో అడవిపందుల మీద వాడవచ్చా అన్నది రెండవ ప్రశ్న.

మొదటిదానికి నా జవాబు: బ్లాక్‌హార్న్ వద్దు, మూడు బిళ్ళలు అసలే వద్దు. విడి పొడిగా అమ్మే పైరోడెక్స్ ఆర్‌ఎస్ తీసుకుని, ఆ తుపాకీ మాన్యువల్‌లో ఉన్న కనిష్ఠ కొలతతో మొదలుపెట్టండి. రెండవదానికి: తేవద్దు. ఎందుకో చెప్పడానికి కొంత చోటు కావాలి.

నేను 11 ఏళ్ళు పెన్సిల్వేనియాలో ఉండి 2019లో చిత్తూరుకు తిరిగి వచ్చాను. అక్కడ అక్టోబరులో మజిల్‌లోడర్లతో జింకల వేటకు విడిగా కొన్ని రోజులు కేటాయిస్తారు. ఆ సరదాలో నేనూ మీలాగే పాత ఇన్‌లైన్ ఒకటి కొన్నాను. 1985లో టోనీ నైట్ అనే అమెరికన్ గన్‌స్మిత్ తన ఎం.కె-85 తుపాకీ తెచ్చిన తరువాత ఈ రకం బాగా వ్యాపించింది. పాత పద్ధతిలో క్యాప్ గొట్టానికి పక్కన ఉండి, నిప్పు మలుపు తిరిగి మందును చేరేది. ఇందులో క్యాప్ సరిగ్గా మందు వెనకే ఉంటుంది కనుక నిప్పు తిన్నగా వెళుతుంది. తుపాకీ చూపుకు ఆధునికంగా ఉండటంతో దానిలో ఏ ఆధునిక మందైనా వేయవచ్చునన్న భ్రమ కలుగుతుంది. మీ గొట్టం మీది రాత చెక్కిన నాటికి మార్కెట్‌లో ప్రధానంగా ఉన్న బదులు మందు పైరోడెక్స్ ఒక్కటే. ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ తరువాత వచ్చాయి. బ్లాక్‌హార్న్ అయితే 2008లో వచ్చింది. కనుక ఆ రాతలో వాటి పేరు లేకపోవడాన్ని అనుమతిగా తీసుకోకూడదు. తయారీదారు వాటితో ఆ గొట్టాన్ని పరీక్షించలేదనే తీసుకోవాలి. (బ్లాక్ పౌడర్‌ను తెలుగు చేస్తే నల్లమందు అవుతుంది, దానికి మన దగ్గర వేరే కేసు పెడతారు కనుక ఇంగ్లీషు పేరే ఉంచుతున్నాను.)

ఎక్కువమంది పొరపడేది కొలత దగ్గర. గ్రెయిన్ అనేది నిజానికి బరువు, 0.0648 గ్రాములు. అయితే మజిల్‌లోడర్ వాడేవారు బదులు మందు విషయంలో ‘100 గ్రెయిన్లు’ అన్నప్పుడు అది తూకం కాదు. 100 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ ఎంత చోటు పడుతుందో అంత చోటు నిండా ఈ మందు అని అర్థం. మన పల్లెల్లో పడితో కొలిచిన వారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు: పడి బియ్యమూ పడి బొరుగులూ ఒకే చోటు నింపుతాయి గాని, తక్కెడలో పెడితే బొరుగులు ఎక్కడో పైన ఉంటాయి. బ్లాక్‌హార్న్ 209 కొలతలో 100 గ్రెయిన్లంటే తూకంలో సుమారు 70 గ్రెయిన్లు. ఎవరైనా నగల తక్కెడ లాంటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద కచ్చితంగా 100 గ్రెయిన్లు తూచి పోస్తే, కొలతలో అది 140 దాటుతుంది. తయారీదారు పెట్టిన హద్దు 120. జాగ్రత్తపరులే ఈ తప్పు చేస్తారు, ఎందుకంటే తూకం కన్నా కొలత మోటుగా ఉంటుందని వారి నమ్మకం.

ట్రిపుల్ సెవెన్ సంగతి వేరు. అది కొలతకు కొలత బ్లాక్ పౌడర్ కన్నా బలమైనది. సమానమైన శక్తి కావాలంటే 15 శాతం తగ్గించాలని, అంటే 100 చోట 85 వేయాలని తయారీదారులే చెబుతారు. 50 గ్రెయిన్ల బిళ్ళలు మూడంటే 150. బ్లాక్ పౌడర్ లెక్కకు మార్చితే 175 దాకా పోతుంది. వాళ్ళ గరిష్ఠ పరిమితే 100, అంటే రెండు బిళ్ళలు. పైగా బిళ్ళలను తగ్గించుకుంటూ ప్రయత్నించడానికి వీలుండదు, విరిచి సగం వేయకూడదు. పాత తుపాకీకి తక్కువ నుంచి మొదలుపెట్టి అయిదేసి గ్రెయిన్లు పెంచుకునే సదుపాయం విడి పొడికే ఉంది. నా తుపాకీ మాన్యువల్ 100 వరకు ఒప్పుకున్నా నేను పైరోడెక్స్‌ను 80 దాటించలేదు, దానికే జింక పడింది. ఈ అంకె నా తుపాకీది, మీది కాదు. మీ మోడల్ మాన్యువల్‌ను తయారీదారు దగ్గర తెప్పించుకోండి.

బ్లాక్‌హార్న్‌ను నేను వద్దనడానికి బలం కన్నా నిప్పు కారణం. అది నైట్రోసెల్యులోజ్ ఆధారిత మందు; వెలిగించడానికి షాట్‌గన్‌లో వాడే 209 ప్రైమర్ అనే నిప్పుబిళ్ళ వేడి కావాలి, 11వ నంబరు క్యాప్‌తో వాడవద్దని తయారీదారు స్పష్టంగా చెబుతాడు. ఒకసారి రేంజ్‌లో నా పక్క బెంచీ మీద ఒకాయన మీలాంటి తుపాకీలోనే అది వేశాడు. మీట నొక్కాడు, క్యాప్ టప్పుమంది, అంతే. ఆయన ‘ఛ’ అని చెంప పైకెత్తి, గొట్టం ఇంకా కొంచెం అటూ ఇటూ ఊగుతుండగా, మనం ఒకటి రెండు అనుకునేంతలో అది పేలింది. గుండు మట్టి గోడకే తగిలింది కనుక అందరం నవ్వుకున్నాం గాని, నా చేతిలోని కాఫీ కప్పు కొంతసేపు నిలకడగా ఉండలేదు. క్యాప్ పేలి తుపాకీ పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి నేను రెండు నిమిషాలు లెక్కపెడతాను. ఎవరు తొందరపెట్టినా సరే.

ఇక నా సొంత తప్పు. నా తుపాకీకి మునుపటి యజమాని, తయారీదారు అమ్మిన 209 ప్రైమర్ కిట్ బిగించి ఇచ్చాడు. అందులో ట్రిపుల్ సెవెన్ వేసి రెండు మూడు గుళ్ళు కాల్చితే, మందు ఉండే చోటికి కాస్త ముందు గొట్టం లోపల చుట్టూ గట్టి మసి పట్టీ ఒకటి కడుతుంది. మాడిన పాల గిన్నె అడుగు లాంటిది. నాలుగో గుండు దాని దగ్గర ఆగిపోయింది. రాడ్‌తో నొక్కితే గట్టిగా తగిలింది, అడుగుకు చేరిందనుకున్నాను. అయితే మొదటి రోజే రాడ్‌ను ఖాళీ గొట్టంలో దింపి ఒక గీత, నా మామూలు కొలత మందు మీద గుండు కూర్చోబెట్టి ఇంకో గీత, చాకుతో గీసి ఎర్ర పెయింట్ నింపి పెట్టుకున్నాను. ఆ రోజు ఎర్ర గీత మూతికి వేలెడు పైన నిలబడి ఉంది. అంటే మందుకూ గుండుకూ మధ్య వేలెడు ఖాళీ. అలా కాల్చితే గుండు నడిదారిలో అడ్డంగా నిలిచిన బిరడా అవుతుంది, గొట్టం అక్కడ ఉబ్బవచ్చు, చీలవచ్చు. ప్రైమర్ తీసేసి, బ్రీచ్ ప్లగ్ (గొట్టం అడుగును మూసే మర బిరడా) విప్పి, మందు పారబోసి, గుండును బయటికి తోశాను. అప్పటి నుంచి ప్రతి గుండుకూ మధ్య తడి గుడ్డ ఒకసారి, పొడి గుడ్డ ఒకసారి లోపల తిప్పనిదే మందు పోయలేదు. మీరు రాడ్ మీద ఆ రెండు గీతలు పెట్టకుండా మొదటి గుండు కూడా కాల్చకండి.

కాల్చడానికి ముందు చూడవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. రాడ్‌ను దింపి, గొట్టం బయట అదే పొడుగు కొలిచి, లోపల ఎవరో వదిలేసిన పాత మందూ గుండూ లేవని నిర్ధారించుకోండి. పాత మజిల్‌లోడర్లలో ఇది అరుదేమీ కాదు. ఆ తరువాత బ్రీచ్ ప్లగ్ విప్పండి. తుప్పుతో బిగుసుకుపోయి రాకపోతే బలవంతం చేయకుండా గన్‌స్మిత్‌కు ఇవ్వండి. వచ్చాక మరలకు యాంటీ-సీజ్ (బిగుసుకుపోనివ్వని) గ్రీజు రాయకుండా తిరిగి బిగించకండి. నిపుల్ రంధ్రం ఏళ్ళ తరబడి వాడి వెడల్పయి ఉంటే వేడి గాలి వెనక్కి, అంటే మీ ముఖం వైపు కొడుతుంది. కొత్త నిపుల్‌కు అయ్యేది కొద్ది డాలర్లే. కళ్ళద్దాలు తప్పనిసరి. సీరియల్ నంబరు కూడా చూడండి: సివిఎ కంపెనీ ఇన్‌లైన్లలో చివర 95 లేదా 96 అంకెలు ఉన్నవాటిని 1997లో వెనక్కి పిలిచారు, అలాంటివి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

పొగరాని మందు, అంటే మామూలు రైఫిల్ తూటాల్లో ఉండేది, చిటికెడు కూడా వేయకూడదు. సావేజ్ 10ఎంఎల్ లాంటి ఒకటి రెండు మోడళ్ళు దాని కోసమే తయారయ్యాయి. ఆ సంగతి విని అందరూ తమ తుపాకీకి ఆ ధర్మం అంటగట్టుకుంటారు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉంచండి, దాని నుంచి నేరుగా గొట్టంలోకి పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే మంట డబ్బా దాకా వస్తుంది. బదులు మందు బ్లాక్ పౌడర్ కన్నా ఎక్కువ వేడికి గాని అంటుకోదు కనుక అది సురక్షితమంటారు. కాని పైరోడెక్స్‌ను రూపొందించిన డాన్ పాలక్ 1977లో ఆ మందు తయారయ్యే చోటనే జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయాడు.

పైరోడెక్స్ కాల్చిన రోజు రాత్రి తుపాకీని కడగకుండా పడుకోకూడదు. అందులోని పెర్క్లోరేట్ కాలాక మిగిలేది ఒక రకం ఉప్పు. గాలిలోని తేమ పీల్చి ఉక్కును తినేస్తుంది. సబ్బు కలిపిన వేడినీళ్ళు, ఆపైన పొడి గుడ్డ, ఆపైన నూనె, ఇంతే పని.

పలమనేరు తుపాకీ విషయానికి వద్దాం. అమెరికా విమానాల్లో బ్లాక్ పౌడర్, బదులు మందు, క్యాప్‌లు చేతి సంచీలోనూ చెక్-ఇన్ పెట్టెలోనూ నిషిద్ధం. ఇక్కడ లైసెన్సు మీద ఎంత కొనవచ్చో రాసి ఉంటుంది, దానికి బయట దేశం నుంచి తెచ్చింది కలపడం 1959 ఆయుధాల చట్టంతో చెలగాటం. అడవిపందిని కొట్టడానికి తుపాకీ లైసెన్సు చాలదు, అటవీశాఖ అనుమతి వేరే కావాలి.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నా అసలు భయం ఆ గొట్టం గురించి. మా తాతకూ అలాంటిదే ఉండేది. వెదురు కణుపుతో చేసిన కొలతతో మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, ఇనుప గజంతో దట్టించేవారు. గజం రెండుసార్లు ఎగిరిపడితే చాలు అనేవారు. ఆయన చేతి లెక్క ఆ మందుకు సరిపోయింది. ట్రిపుల్ సెవెన్‌ను అలా గట్టిగా దట్టించకూడదు, దానిపైన పీచు లాంటి పూరకాలేవీ వేయకూడదు. ఆయన అలవాట్లు రెండూ దానికి విరుద్ధమే. పైగా ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆ తుపాకీ స్టేషన్‌లో అప్పజెప్పి, నెలల తరువాత తిరిగి తెచ్చుకునేవాళ్ళం. చివరిసారి తెచ్చినప్పుడు టార్చి వేసి లోపలికి చూస్తే గొట్టం అడుగున కందిగింజలంత గుంటలు పడి ఉన్నాయి. మీ తాతగారిది ఎవరు చేశారో, ఏ ఉక్కో, అడుగు ఎలా మూశారో చెప్పే ముద్ర దాని మీద ఉండకపోవచ్చు. ముందు టార్చి వేసి చూసి, లైసెన్సు ఉన్న ఆయుధాల మరమ్మతు దుకాణంలో చూపించండి. అప్పటిదాకా ఆయన వాడే మందుతో కూడా కాల్చనివ్వకండి. మా వేరుశనగ చేనికి ఈ మధ్య నాలుగు వైపులా పాత చీరలు కట్టి సోలార్ తీగ లాగించాం. పందులు పూర్తిగా మానలేదు గాని, రాత్రిళ్ళు ఎవరూ తుపాకీ భుజాన వేసుకుని తిరగడం లేదు.