గూడు కట్టే ముందు పెరడు కొలవండి

ప్రశ్న: మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. చీటీ డబ్బులు 60 వేలు చేతికొచ్చాయి. ఇంటి వెనక రెండు సెంట్ల పెరడు ఖాళీగా ఉంది. 50 కోళ్లకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు షెడ్డు వేయడానికి మేస్త్రీ 55 వేలు అడిగాడు. ఊళ్లో పెరటి కోడిగుడ్డు 12 రూపాయలకు పోతోంది. కట్టించమంటారా?

జవాబు: వద్దండీ, అంత పెద్దది వద్దు. మేస్త్రీ కొలత తప్పని కాదు. పగలంతా బయట తిరిగి రాత్రికి గూటికి చేరే కోడికి రెండు చదరపు అడుగులు చాలు. 120 అడుగుల్లో 50 కోళ్లు బాగానే పడతాయి. నా భయమంతా పెరడు గురించే.

రెండు సెంట్లంటే సుమారు 870 చదరపు అడుగులు. షెడ్డు పోగా కోడికి 15 అడుగులు మిగులుతుంది. గడ్డి, పురుగు కొద్ది రోజుల్లోనే ఖాళీ అయిపోతాయి. ఇక మేతంతా కొనాల్సిందే. కోడికి రోజుకు 110 గ్రాములు వేసుకున్నా నెలకు 165 కిలోలు. కిలో 30 అనుకుంటే దాదాపు 5 వేలు. నెలకు 700 గుడ్లు వస్తాయనుకుందాం. మీ వీధిలో 12 రూపాయలకు కొనేవాళ్లు 200 తీసుకుంటే, మిగతా 500 కొట్లో 7 రూపాయలకు వేయాలి. మొత్తం 5,900. చేతిలో మిగిలేది 900 చిల్లర.

అదే 12 కోళ్లయితే చూడండి. పది పెట్టలు, రెండు పుంజులు. సగం మేత పెరట్లోనే ఏరుకుంటాయనుకుంటే, మీరు కొనేది నెలకు 600 రూపాయలది. 120 గుడ్లూ వీధిలోనే 12కి పోతాయి. మిగిలేది 840. దీనికి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గూడు చాలు. మేస్త్రీ రేటు ప్రకారమే 11 వేలు. గుడ్లు మొదలయ్యాక 13 నెలల్లో ఆ డబ్బు తిరిగొస్తుంది. పెద్ద షెడ్డుకైతే దాదాపు ఐదేళ్లు. అప్పటికి ఇప్పటి పెట్టల్లో గుడ్లు పెట్టేవి ఎన్ని ఉంటాయి?

గూడు చిన్నదైనా రెండు విషయాల్లో పిసినారితనం వద్దు. ఒకటి గాలి. మా అమ్మ దొంగల భయంతో గూటికి నాలుగు వైపులా రేకు కొట్టించింది. పొద్దున్నే తలుపు తీస్తే రెట్టల ఘాటుకు మా కళ్లు మండేవి. కోళ్లు గురకలు పెట్టి, ఆ చలికాలంలో ఏడు పోయాయి. కింద రేకు ఉన్నా పైన ఒకటిన్నర అడుగు వల వదలండి. రెండోది ఆ వలే. పెద్ద కళ్ల వల కోడిని ఆపుతుంది కానీ ముంగిసను, పామును ఆపదు. అరంగుళం కళ్ల ఇనుప వల తీసుకోండి. మీ నల్లరేగడిలో వానాకాలం నీళ్లు నిలుస్తాయి కాబట్టి గూడు రెండడుగుల ఎత్తున కాళ్ల మీద ఉండాలి. తుపాను గాలికి లేవకుండా ఆ కాళ్లను నేలలో దిగ్గొట్టించండి. లోపల ఎక్కి పడుకోవడానికి రెండు కర్రలు, గుడ్లకు మూడు గంపలు పెడితే సరిపోతుంది.

గ్రామప్రియ లాంటి పెరటి కోడి రకం పిల్లల్ని తెస్తే గుడ్డు చూడ్డానికి ఐదారు నెలలు పడుతుంది. పిల్లలకూ, అప్పటిదాకా మేతకూ, కొక్కెర తెగులు టీకాలకూ 6 వేలు విడిగా పెట్టుకోండి. టీకాలు మాత్రం మానకండి, ఆ తెగులు వస్తే గూడంతా ఖాళీ అయిపోతుంది. ఇంకా 43 వేలు ఉంటాయి. అవి బ్యాంకులో డిపాజిట్ వేయండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది ఆ డబ్బే. షెడ్డుకు పెట్టేస్తే, అవసరమైన రోజున అమ్ముదామన్నా రేకుల ధర కూడా రాదు.

వీధిలో నెలకు 200 గుడ్లు పోతాయన్నది నా అంచనా. మేస్త్రీని పిలిచే ముందు మీ వీధిలో ఇంటింటికీ వెళ్లి, వారానికి ఎన్ని తీసుకుంటారో అడిగి రాసుకోండి. గూటికి ఒక వైపు గోడ బోల్టులతో బిగించమనండి. వచ్చే ఏడు గిరాకీ ఉంటే అటు నాలుగడుగులు కలుపుకోవచ్చు.