పీవీ ఎన్నికల్లో బలహీనుడా? హనుమకొండ ఓటరుగా నా జవాబు

"పీవీ నరసింహారావు ఢిల్లీ నాయకుడే తప్ప జనంలో బలం లేదు, 1984లో సొంత ప్రాంతంలోనే ఓడిపోయారు కదా" అని అడిగారు. మాది హనుమకొండ. నేను మొదటిసారి ఓటేసింది ఆ ఎన్నికల్లోనే. అప్పట్లో 21 ఏళ్లు నిండితేనే ఓటు.

ఓడిన మాట నిజమే. ఇందిరమ్మ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి వీచినా, ఇక్కడ బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి గెలిచారు. దేశం మొత్తమ్మీద ఆ పార్టీకి వచ్చిన రెండే సీట్లలో ఇదొకటి. కానీ ఆ ఏడాది ఆగస్టులో ఎన్టీఆర్ సర్కారును కూలదోశారన్న కోపం మా దగ్గర ఇంకా చల్లారలేదు. అప్పుడు కేంద్ర హోంమంత్రి పీవీయే. పువ్వు గుర్తుకు ఓటెయ్యమని మా వాడలో ఇంటింటికీ తిరిగింది పసుపు జెండాలవాళ్లు! పీవీ మీద వ్యక్తిగతంగా కోపం ఉన్నవాళ్లు నాకైతే పెద్దగా కనబడలేదు.

ఇదే హనుమకొండ ఆయన్ని 1977లో, 1980లో గెలిపించింది. 1984లోనే మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేసి నెగ్గారు, 1989లో మళ్లీ నెగ్గారు. మరాఠీ ధారాళంగా వచ్చు కాబట్టి అక్కడ పరాయివాడు కాలేదు.

1991 నంద్యాల ఉపఎన్నికలో వచ్చిన 5 లక్షల 80 వేల మెజారిటీని చాలామంది గొప్పగా చెబుతారు. నేనైతే దాన్ని ఆయన బలానికి కొలతగా తీసుకోను. జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఆయన ఎంపీ కాదు, ఆరు నెలల్లో గెలిచి తీరాలి. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థినే నిలబెట్టలేదు. అది తెలుగువాళ్లంతా కలిసి ఇచ్చిన మెజారిటీ. తమాషా ఏంటంటే, 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో కాంగ్రెస్ పోగొట్టుకున్న ఒకే ఒక్క సీటు నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు.

అసలు చూడాల్సింది మంథని. 1957, 1962, 1967, 1972, వరసగా నాలుగుసార్లు అసెంబ్లీకి పంపింది. 1967లో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ దెబ్బతిన్నా మంథని ఆయన్ని వదల్లేదు. జనంలో బలం లేనివాడికి ఇది సాధ్యం కాదు.

1996లో ఆయన నాయకత్వంలో పార్టీ 140 సీట్లకు పడిపోయింది, ఆ బాధ్యత ఆయనదే. కానీ అదే ఎన్నికల్లో ఆయన మాత్రం నంద్యాలలో, ఒడిశాలోని బరంపురంలో రెండుచోట్లా గెలిచి, బరంపురం ఉంచుకుని నంద్యాల వదులుకున్నారు.