గోల్కొండ వజ్రాలు నిజంగా గోల్కొండలోనే దొరికాయా?

లేదండి, గోల్కొండలో వజ్రాల గనే లేదు, అవి ఎక్కువగా మన కృష్ణా ఒడ్డున దొరికినవే, విజయవాడ పక్కన పరిటాల, పాత గుంటూరు జిల్లా కొల్లూరు (ఇప్పుడు పులిచింతల రిజర్వాయర్ నీళ్లకింద ఉంది) లాంటి చోట్ల. ఈ ఏరియా గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీల చేతిలో ఉండేది, పెద్ద బేరాలన్నీ గోల్కొండలో జరిగేవి కాబట్టి సరుక్కి ఆ పేరు పడిపోయింది, చుట్టుపక్కల పండినా గుంటూరు మిర్చి అన్నట్టే. ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియే ఇక్కణ్ణుంచి తీసుకెళ్లి 1668లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన నీలం వజ్రం కొల్లూరుదేనంటారు, దాన్నే తర్వాత కోస్తే ఇప్పుడు ప్రపంచమంతా పేరున్న హోప్ డైమండ్ అనే నీలం వజ్రం అయింది. ఇంకోటి, గని అనగానే అందరూ లోతు సొరంగం ఊహించుకుంటారు, కానీ ఇక్కడ గుంటలు తవ్వి, మట్టీ గులకరాళ్లూ కడిగి, ఎండబెట్టి చేత్తో ఏరేవాళ్లు, అంతే.