పైకప్పు మడిచే కారు, పైకప్పు అతికిన కారు

పాఠకుల ప్రశ్నలు: వాహనాలు

ప్రశ్న (హన్మకొండ నుంచి ఒక వ్యాపారి): హైదరాబాద్‌లో ఉండే మా బావగారు తమ 2011 నాటి బీఎండబ్ల్యూ జెడ్4ను అమ్మదలచి, బయటివారి కంటే ముందు నన్ను అడిగారు. బటన్ నొక్కితే దాని లోహపు పైకప్పు మడతపడి డిక్కీలోకి వెళ్లిపోతుంది. ‘పైకప్పు మూశామంటే ఇది మామూలు హార్డ్‌టాప్ కారే, బట్ట టాపు కారులా వణకదు’ అని ఆయన అంటున్నారు. మా మెకానిక్ మాత్రం కన్వర్టిబుల్ ఎప్పటికీ కన్వర్టిబులే అంటున్నాడు. వీరిద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మీ మెకానిక్ మాటే నమ్మండి. హార్డ్‌టాప్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు నిర్మాణాలను పిలవడం వల్ల ఈ గందరగోళం వస్తున్నది. ముందు అద్దం ఫ్రేముకూ, పక్క పిల్లర్లకూ, వెనుక భాగానికీ విడదీయలేని విధంగా వెల్డింగ్ చేసిన పైకప్పు ఒకటి. కొక్కేలతో, తాళాలతో పట్టి ఉంచి, కావలసినప్పుడు మడిచే పైకప్పు రెండోది. ఈ రెండోది అల్యూమినియంతో చేసినదైనా, బట్టతో కుట్టినదైనా, ఎండకూ వానకూ అడ్డు నిలుస్తుందే తప్ప బండి భారాన్ని పెద్దగా మోయదు.

ఇప్పటి కార్లలో చాలావాటికి కింద విడిగా ఛాసిస్ ఉండదు. నేల, పక్కలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెగా నిలబడి భారాన్ని మోస్తాయి. దీనినే మోనోకాక్ అంటారు. ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెను తీసుకుని, పుల్లలు ఉండే అరను బయటికి లాగి, ఎదురెదురు మూలలు పట్టుకుని మెలిపెట్టి చూడండి. అట్ట తేలికగా వంకర తిరుగుతుంది. దానిని మళ్లీ పైతొడుగులోకి తోసి అదే పని చేస్తే మొండికేస్తుంది. అట్ట మందం పెరగలేదు, చుట్టూ మూసుకున్న ఆకారం మాత్రమే తోడైంది. పైకప్పు లేని కారు పైతొడుగు లేని ఆ అర వంటిది.

ఈ మెలికను ఇంజనీర్లు కొలుస్తారు. బండి బాడీని ఒక డిగ్రీ మెలితిప్పడానికి ఎన్ని న్యూటన్ మీటర్ల బలం కావాలో అదే దాని బిగువు. మీ బావగారి బండికి ముందు తరం జెడ్4 ఇందుకు చక్కని ఉదాహరణ, ఎందుకంటే అదే కారును 2002 నుంచి బట్ట టాపుతోను, 2006 నుంచి పైకప్పు అతికిన కూపేగాను తయారు చేశారు. బట్ట టాపు కారు బిగువు 14,500 న్యూటన్ మీటర్లు కాగా, కూపేది 32,000. ఒకే కుదురులో పుట్టిన రెండు బండ్ల మధ్య, పైకప్పును అతికించినందువల్ల రెట్టింపు కంటే ఎక్కువ తేడా వచ్చిందన్నమాట.

ఇక హ్యాండ్లింగ్, అంటే మలుపుల్లో, గుంతల్లో బండి డ్రైవరు మాట వినే తీరు, సంగతి. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, చక్రాల కోణాలు అన్నింటినీ బాడీ కదలదన్న నమ్మకంతోనే లెక్క కడతారు. ఒక పక్క ముందు చక్రం గుంతలో పడినప్పుడు బాడీయే మెలితిరిగితే, అది అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది, అదీ అణచడానికి షాక్ అబ్జార్బరు లేని స్ప్రింగు. అందువల్ల ముందు అద్దం ఫ్రేము, డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ చక్రం సన్నగా వణకుతాయి. మలుపులో స్టీరింగ్ తిప్పిన మాట వెనుక చక్రాలకు ఒక క్షణం ఆలస్యంగా అందినట్లు అనిపిస్తుంది. ఈ లోటు పూడ్చడానికి తయారీదారులు తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె దూలాలను బలపరిచి, నేల కింద అడ్డ కడ్డీలు వేసి, ముందు అద్దం పిల్లర్లను గట్టిపరుస్తారు. ఫలితంగా, పైకప్పు లేని బండి పైకప్పు ఉన్న బండి కంటే సాధారణంగా బరువెక్కుతుంది. మీరు చూస్తున్న కారులో మరో విషయం కూడా ఉంది. టాపు మడిచినప్పుడు దాని బరువంతా వెనక్కి చేరుతుంది, 310 లీటర్ల డిక్కీ 180 లీటర్లకు తగ్గుతుంది. ఆ తర్వాతి తరం జెడ్4కు 2018లో బీఎండబ్ల్యూ మళ్లీ బట్ట టాపునే పెట్టింది.

అయితే బిగువు అంకె ఒక్కటే చూసి బండిని తీసిపారేయడం న్యాయం కాదు. 1996 నాటి లోటస్ ఎలీజ్ బిగువు ఈనాటి మంచి సెడాన్ల బిగువులో సగం కూడా ఉండదు, అయినా మలుపుల్లో అంత చక్కగా నడిచే బండ్లు అరుదు. దాని బరువు సుమారు 725 కిలోలే కావడం, దానిని మొదటి గీత నుంచి తెరిచిన బండిగానే గీయడం ఇందుకు కారణాలు. 1989లో వచ్చిన మాజ్దా ఎమ్‌ఎక్స్-5 కూడా అటువంటిదే. సెడాన్‌గా పుట్టిన బండికి తర్వాత పైకప్పు తీసి కన్వర్టిబుల్ చేసినప్పుడే వణుకు ఎక్కువగా తెలుస్తుంది. మీ బావగారి జెడ్4 తెరిచిన బండిగానే పుట్టినది కాబట్టి, దానిని చెడ్డ బండి అనను. కూపే అని చెప్పి అమ్మితే మాత్రం ఒప్పుకోను.

కొనే ముందు ఇలా చూడండి. పైకప్పు మూసి, స్పీడ్ బ్రేకరును నేరుగా కాకుండా ఏటవాలుగా, ఒక్కో చక్రం విడివిడిగా ఎక్కేలా నెమ్మదిగా దాటించండి. పక్కన కూర్చున్నవారు తలుపు అద్దానికీ ముందు అద్దం ఫ్రేముకూ మధ్య సందులో వేలి కొన ఆనించి ఉంచాలి. కొద్దిపాటి కదలిక ఉండడం సహజమే. రాపిడి చప్పుడు వచ్చినా, సందు వెడల్పు కంటికి కనిపించేలా మారినా, ఎప్పుడో గట్టి దెబ్బ తగిలిన బండి అని అనుమానించి, కింద దూలాల మీద కొత్త వెల్డింగు, కొత్త రంగు ఉన్నాయేమో లిఫ్టు మీద చూపించండి.

ప్రశ్న (భూపాలపల్లి నుంచి ఒక సింగరేణి ఉద్యోగి): 2021 నాటి థార్ సెకండ్ హ్యాండ్‌లో కొనాలని ఉంది. ఏటూరునాగారం వైపు ఎక్కువగా తిరుగుతాను. సాఫ్ట్ టాప్ తీసుకుంటే బండి బలహీనమా?

జవాబు: మీ విషయంలో పై లెక్క వర్తించదు. థార్‌కు కింద లాడర్ ఫ్రేము, అంటే నిచ్చెన ఆకారపు విడి ఉక్కు చట్రం, ఉంది. బాడీ దాని మీద రబ్బరు బుష్‌లపై కూర్చుంటుంది, మెలికను ప్రధానంగా ఫ్రేమే కాస్తుంది. పైకప్పు మారినంత మాత్రాన నడకలో పెద్ద తేడా రాదు. ఎత్తైన బండి కనుక మలుపుల్లో రెండింటితోనూ ఒకే జాగ్రత్త అవసరం. మా వైపు మే నెల ఎండనూ, బొగ్గు లారీల దుమ్మునూ, అన్నింటికీ మించి బట్టను చింపే కోతులనూ తలచుకుంటే నేనైతే హార్డ్ టాపే కొంటాను.

ప్రశ్న (పరకాల నుంచి): పెళ్లి బారాత్‌లకు అద్దెకివ్వడానికి పాత సెడాన్ పైకప్పు కోయించాలనుకుంటున్నాము. కింద రెండు ఇనుప పైపులు వెల్డింగ్ చేస్తే చాలని టింకరింగ్ షెడ్డువారు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: దయచేసి ఆ పని చేయించకండి. కొన్నేళ్ల క్రితం ఒక షెడ్డులో ఇలా కోసిన సెడాన్‌ను నేను దగ్గరగా చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు తలుపులు బాగానే పడ్డాయి. వెనుక సీటులో ముగ్గురు కూర్చోగానే బాడీ నడుము దగ్గర కుంగి, తలుపుల పై అంచులు బిగుసుకుపోయి, ఎంత లాగినా రాలేదు. నేలకు అతికిన రెండు పైపులు పైకప్పు లేని లోటును తీర్చలేవు. పైగా పైకప్పుతో పాటు మధ్య పిల్లర్ల పైభాగం కూడా పోతే, ముందు సీటు బెల్టును పట్టి ఉంచే చోటే మాయమవుతుంది.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు, దీనిని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మరోసారి స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము కోసం మీరు చేసే పోరాటం మొదటి రోజే బలహీనపడుతుంది. మీకు తెరిచిన బండే కావాలంటే, కంపెనీ నుంచే బట్ట టాపుతో వచ్చిన పాత మారుతి జిప్సీ ఒకటి వెతకండి. దానికీ లాడర్ ఫ్రేమే ఉంటుంది. ఆర్‌సీలో ఉన్నది ఉన్నట్లుగా టాపు మడిచి బారాత్ నడపవచ్చు, పెళ్లికొడుకును, పెళ్లికూతురును మాత్రం సీటు వీపు మీద కాకుండా సీటులోనే కూర్చోబెట్టండి.